బియ్యం కుండలో కంచం

మా క్రైస్తవుల గుడిలో ఎవరైనా లేచి తాము రక్షణ పొందామని సాక్ష్యం చెబుతుంటే నేను వాళ్ళ మొహం చూడను. వాళ్ళ ఆడవాళ్ళ మొహం, పిల్లల మొహం చూస్తాను. ఇదేం బుద్ధి అని మా ఆయన చాలాసార్లు కసిరాడు. నాకు తొమ్మిదో ఏట పట్టుకున్న బుద్ధి ఇది, ఇప్పుడు వదలమంటే వదలదు.

అప్పుడు మేము నాగాయలంక దగ్గర ఒక పాలెంలో ఉండేవాళ్ళం. నాన్న తాడు భుజాన వేసుకుని కాలువ గట్టు మీద ధాన్యం పడవలు లాగేవాడు. ఎదురుగాలి వేసిన రోజు ఒంట్లో సత్తువంతా గట్టు మీద వదిలేసి, కోపం ఒక్కటే మిగుల్చుకుని ఇంటికి వచ్చేవాడు. కూరలో ఉప్పు తగ్గితే చాలు, కంచం లేచేది. అమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు గుడివాడలో కొనిచ్చిన ఇత్తడి కంచం అది. అంచు మందం. ఒక రోజు ఆ అంచు తగిలి అమ్మ కనుబొమ పైన చీరుకుపోయింది. మర్నాడు అమ్మ కంచాన్ని శుభ్రంగా తోమి, తుడిచి, బియ్యం కుండ అడుగున దాచేసింది. కంచం ఏదని నాన్న అడగలేదు. అప్పటినుంచి ఆయనకు వడ్డన విస్తరాకులోనే. ఆకు విసిరినా దెబ్బ తగలదు కదా. రాలిన బాదం ఆకులు ఏరి తెచ్చి ఈనెపుల్లలతో విస్తరి కుట్టడం నా పని.

తర్వాత నాన్న, పాలెంలో మిషను బడి నడిపే పంతులుగారి ప్రార్థనలకు వెళ్ళడం మొదలుపెట్టాడు. మేమందరం బాప్తిస్మం తీసుకున్నాం. నాన్న కల్లు మానేశాడు, మా కృష్ణ ఒడ్డు శ్రీకాకుళంలో దేవుడి తిరణాళ్ళకు వెళ్ళడం మానేశాడు, తాడు లాగుతూ కీర్తనలు పాడేవాడు. పాలెమంతా మెచ్చుకుంది. అమ్మ మాత్రం నాచేత ఆకులు కుట్టిస్తూనే ఉంది.

"నాన్న మారాడు గదే అమ్మా," అన్నాను ఒకసారి.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. చూద్దాంలే. నువ్వు కుట్టు," అంది.

నెలలు గడిచినా నాన్న ఏమీ విసరలేదు. నాకు భయం తగ్గాల్సింది పోయి పెరిగింది. మబ్బు కమ్ముకుని వాన పడకుండా ఉన్న రోజున గుండెల మీద బరువుంటుంది చూడండి, అలా ఉండేది. ఆయన భోజనానికి కూర్చుంటే నేను గుమ్మం దగ్గరే నిలబడేదాన్ని, పారిపోవడానికి వీలుగా.

మా పాస్టరుగారు బందరు నుంచి మూడు నెలలకోసారి పడవ మీద వచ్చేవారు. అయ్యగారు అనేవాళ్ళం ఆయన్ని. కొత్తవాళ్ళను రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో చేర్చుకునే ముందు, సంఘం ఎదుట వాళ్ళ ఇంటివాళ్ళను నిలబెట్టి అడగడం మా దగ్గర పద్ధతి. "ఈయనలో మార్పు ఉందామ్మా?" అని అయ్యగారు అడిగితే, ఆడవాళ్ళు "ఉందండీ" అని తలొంచుకునేవాళ్ళు. అది వట్టి లాంఛనమని అందరికీ తెలుసు. మా అమ్మకు తెలియదు. నిజంగానే అడుగుతున్నారనుకుంది.

నాన్న గుడి దద్దరిల్లేలా సాక్ష్యం చెప్పి కూర్చున్నాడు. అయ్యగారు అమ్మను లేపి అడిగారు. అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని చాలాసేపు ఆలోచించింది.

"కల్లు మానేశాడండీ. పాటలు పాడతాడండీ. లోపల మారాడో లేదో నాకింకా తెలీదండీ," అంది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు కాస్త తడబడి, "సరే, వచ్చేసారి చూద్దాం," అన్నారు. నాన్న మొహం నల్లబడింది. అందరూ బల్ల దగ్గరకు వెళ్తుంటే ఆయన ఒక్కడూ చాప మీద మిగిలిపోయాడు.

ఇంటికి వెళ్తూ గట్టు మీద నాన్న ముందు, మేమిద్దరం వెనక. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఈ రోజు అమ్మ బతకదనుకున్నాను. అమ్మ మీద కూడా ఒళ్ళు మండిపోయింది. ఉందండీ అని ఒక్క మాట అంటే సొమ్మేం పోయింది?

అమ్మ వడ్డించింది. నాన్న ఒక ముద్ద కలిపి, నోట్లో పెట్టకుండా వదిలేశాడు. ఆయన చెయ్యి విస్తరి అంచును పట్టుకుంది. ఆకు లేచింది, పులుసు నేల మీదకు కారింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, అరచెయ్యి నుదుటి మచ్చకు అడ్డం పెట్టుకుంది. నాన్న ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆకును మెల్లగా కిందకు దించి, లేచి బయటికి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి కాలువలో మొహం కడుక్కుని వచ్చాడు. నేల మీది పులుసును తన తువ్వాలుతో తుడిచాడు. ఆయన నేల తుడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదే. అది ఇంకా లోపలే ఉంది. ఇప్పుడే చూశాను," అన్నాడు.

"చూశావుగా. తిను మావా, చల్లారిపోయింది," అంది అమ్మ.

అయినా ఆకులు ఆగలేదు. ఆ తర్వాత కూడా నాన్నకు కోపం వచ్చింది, ఒకసారి కాదు. వచ్చినప్పుడల్లా లేచి కాలువ దాకా వెళ్ళి వచ్చేవాడు. ఒకసారి జోరువానలో వెళ్ళి, తడిసి ముద్దయి వచ్చాడు. ఆయన తిరిగి వచ్చేదాకా నేను గట్టు వైపే చూస్తూ ఉండేదాన్ని.

వరి కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఆకులు ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ బియ్యం కుండలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కంచం పైకి తీసింది. చింతపండు, బూడిద వేసి తోమింది.

"ఈ పూట ఆకు వద్దులే," అంది.

"వద్దమ్మా, కుట్టేస్తాను, ఎంతసేపు," అని బతిమాలాను. నాకు ఏడుపొచ్చింది. అమ్మ వినలేదు.

కంచం చూసి నాన్న నిలబడిపోయాడు. తర్వాత కూర్చుని, మారు అడక్కుండా, అందులో పెట్టింది తిని లేచాడు.

కోతలయ్యాక అయ్యగారు వచ్చినప్పుడు నాన్న సాక్ష్యం చెప్పనన్నాడు. అయ్యగారు అమ్మనే అడిగారు, మార్పు ఉందా అని.

"కంచంలో పెడుతున్నానండీ," అంది అమ్మ.

"ఏమిటమ్మా?"

"మా ఆయనకండీ. కోతలప్పటి నించీ కంచంలోనే అన్నం పెడుతున్నానండీ."

గుడిలో అందరూ గొల్లున నవ్వారు. అయ్యగారికి ఏమీ అర్థంకాక నాన్న వైపు చూశారు. నాన్న తువ్వాలులో మొహం దాచుకుని భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నాడు. అయ్యగారు ఇంకేమీ అడగకుండా, బల్ల దగ్గర ఆయనకు చోటు చూపించారు.