చెప్పులొద్దన్నారని చెక్క పరిచాను

ఎముకల డాక్టరు గారి ఆసుపత్రిలో గోడ ఫ్యాను ఎప్పుడూ చీటీలు రాసే అమ్మాయి వైపే తిరిగి ఉంటుంది. గుంటూరు మే నెలలో, బెంచీల మీద కాళ్లు చాపుకుని కూర్చున్న జనం మీద దానికి ఏమాత్రం ఆసక్తి లేదు. ఒకసారి లేచి వెళ్లి దాని తల ఇటు తిప్పాను. నేను వచ్చి కూర్చునేలోగా ఆ అమ్మాయి మళ్లీ అటు తిప్పుకుంది. చదువుకున్నవాణ్ణి కనక ఊరుకున్నాను.

లోపల డాక్టరు గారు మా ఆవిడ మడమలు రెండూ నొక్కి చూసి చాలా తేలికైన వైద్యం చెప్పారు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి, గ్రానైటు మీద ఒట్టి కాళ్లతో తిరగకూడదు, అంతే. మా ఆవిడ బడిలో టీచరు. ఏడాదిగా పొద్దున్నే మంచం దిగితే మడమ ఆనించలేక, గోడ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తోంది. అందుకని దారిలోనే చెప్పులు కొన్నాం. నీలం రంగువి, దూదిలా ఉన్నాయి.

అవి నల్లపాడులో మా ఇంటి గడప దాకా క్షేమంగా వచ్చాయి. అక్కడ మా అమ్మ ఆపేసింది. నట్టింట్లో చెప్పులేమిటి, దేవుడి గది ముందు చెప్పులేమిటి అంది. ఇవి ఇంకా వీధి తొక్కలేదత్తయ్యా అని మా ఆవిడ చెప్పి చూసింది. తొక్కకపోతే మాత్రం చెప్పులు కాకుండా పోతాయా అంది మా అమ్మ. మా ఇంట్లో వాదనలకు ఆయుష్షు తక్కువ.

అత్తాకోడళ్ల మధ్య తీర్పు చెప్పేంత ధైర్యం నాకు లేదు. కాబట్టి అంతకంటే సులువైన దారి ఎంచుకున్నాను. ఇంటి నేల మార్చేద్దామనుకున్నాను. కాళ్లకు వేయడానికి వీల్లేనప్పుడు నేలకే చెప్పులు తొడగడమన్నమాట.

ఇందులో చిన్న ఇబ్బంది ఉంది. మా బావమరిదికి ఒంగోలులో గ్రానైటు వ్యాపారం. మా ఇంట్లో ఉన్న నల్లబండ అంతా వాడు దగ్గరుండి ఏరి పంపిందే. వాడికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అంతా విని నెమ్మదిగా అన్నాడు: "మా అక్కకి పావుకోళ్లు చేయించు బావా. రెండు చెక్కలతో పోద్ది."

పట్టించుకోకుండా విజయవాడ వెళ్లాను. ముందే రంగు వేసి, పాలిష్ పెట్టి, పెట్టెల్లో సర్దిన చెక్క పలకలు అమ్ముతారక్కడ. పరుచుకోవడం ఒక్కటే మన పని. షాపతను మొదట పాలలాంటి తెల్లటి పలక చూపించి, మంచు పడే దేశాల్లో దీనికి మంచి గిరాకీ అన్నాడు. మా వీధి నల్లరేగడి దాని మీద ఎంత అందంగా ఉంటుందో చెప్పలేదు. చివరికి బ్యారన్ కొట్టంలో కాల్చి దించిన ముదురు పొగాకు రంగుది తీసుకున్నాను. దాని మీద మట్టి పడినా కనపడదు, కారం ఒలికినా డిజైననుకోవచ్చు. మడమలకు మెత్తగా ఉంటుందా అని అడిగాను. కింద స్పాంజి పొర వేస్తాం కదండీ, రాయి కంటే నయమే అన్నాడు. అమ్మేవాడు 'నయమే' దగ్గర ఆగిపోతే కొనేవాడు కూడా కాస్త ఆగాలి. నేను ఆగలేదు.

పలకలు తెచ్చిన వెంటనే పరచకూడదట. గది గాలికి అలవాటు పడేదాకా పెట్టెలు రెండు మూడు రోజులు అలాగే ఉంచాలట. మా ఇంటికొచ్చిన కొత్త కోడలికి కూడా అంత గడువివ్వలేదు. ఆ గడువంతా మా అమ్మ వాటి మీద కూర్చుని చింతపండు పిక్కలు తీసింది.

పని మొదలుపెట్టిన రోజు బావమరిది సాయానికి వచ్చాడు. సాయమంటే కుర్చీ వేసుకుని చూడటం. నేను చూసిన వీడియోలో ఒకాయన పలక అంచున ఉన్న నాలుకను పక్క పలక గాడిలో దూర్చి, రబ్బరు సుత్తితో ముద్దుగా ఒకసారి తట్టేవాడు. మా పలకలు ముద్దు చేస్తే వినే రకం కాదు. గోడ చుట్టూ నేను వేలు వెడల్పు సందు వదలడం బావమరిది చూశాడు.

"కొలత తప్పావా బావా?"

వానాకాలం చెక్క ఉబ్బుతుందిరా, దానికి చోటుండాలి, తర్వాత పైన బద్దె కొట్టి కప్పేస్తామని వివరంగా చెప్పాను.

"తప్పినోళ్లంతా అట్నే అంటారులే" అన్నాడు.

సాయంత్రానికి హాలు పూర్తయింది. వీధి తలుపు మాత్రం తెరుచుకోలేదు. నేల కాస్త ఎత్తు పెరుగుతుందన్న సంగతి తలుపుకి ఎవరూ చెప్పలేదు. మర్నాడు తలుపు ఊడదీసి అడుగు చెక్కించాం. తర్వాత పడకగది పరిచాను. అందులో ఒక మూల నడిస్తే కిర్రుమంటుంది. దాని మీద బీరువా పెట్టాను.

ఆ మరుసటి పొద్దున మా ఆవిడ మంచం దిగుతుంటే నిద్ర నటిస్తూ చూశాను. ఒక మడమ ఆనించింది. రెండోదీ ఆనించింది. గోడ ముట్టుకోలేదు. "కాస్త నయంగానే ఉందండి" అంది. హాలు దాటి వంటింట్లోకి వెళ్లింది.

వంటింట్లో గ్రానైటే. నీళ్లు పడే చోట చెక్క పనికిరాదని షాపతను అన్నాడు, నేనూ మళ్లీ అడగలేదు. ఆవిడ ఇడ్లీ వేసి, కూర పోపు పెట్టి, పప్పు దించి, మా క్యారేజీలు సర్దేసరికి మళ్లీ మునివేళ్ల మీదకు వచ్చేసింది. ఒక చేత్తో పొయ్యి గట్టు పట్టుకుని, రెండో చేత్తో గరిటె తిప్పుతోంది. అది నాకు హాల్లోంచి బాగానే కనిపిస్తోంది. నేను కొత్త నేల మీద కాళ్లు బారజాపుకుని పేపరు చదువుతున్నాను.

మా అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి వంటింటి గుమ్మంలో ఆగింది. కోడలి కాళ్లు చూసింది. నా కాళ్లు చూసింది.

"మడాల నొప్పి దానికయితే, చెక్క నువ్వు కూర్చునే కాడ ఏసుకున్నావేందిరా?"