నా పేరిటి గొర్రె

మొన్న మా కోడలు బాల్కనీలో తులసి మొక్కకని ఎరువు ప్యాకెట్ తెప్పించింది. పైన గొర్రె బొమ్మ. లోపల ఉన్నవి గొర్రె పెంటికలే. పొడి చేసి, వాసన పోగొట్టి, రంగు సంచిలో కట్టారు. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమైందత్తయ్యా?" అంది. మా మేనమామ గుర్తొచ్చాడని చెప్పలేకపోయాను.

నేను పుట్టినప్పుడు మామ పాలమూరు జిల్లాలోని తన మందలో ఒక ఆడ గొర్రెపిల్లను నా పేరిట ఇచ్చాడు. దాని సంతానమంతా నాదే. మావాళ్లు వలసొచ్చిన మహానగరంలో, కామాటిపురలో, మాది కాళ్లు చాపితే గోడకు తగిలే ఒంటిగది ఖోలీ. అందులో నాకంటూ ఒక పెట్టె కూడా లేదు, ఊళ్లో మాత్రం మందలో వంతు ఉంది! మామ రాయించే కార్డుల్లో "నీ గొర్రె ఈనింది" అన్న ముక్క కోసమే ఎదురుచూసేదాన్ని. నల్లా దగ్గర నీళ్ల వరసలో నన్ను ముందు నిలబడనిచ్చినందుకు పక్క ఖోలీ పిల్లకు ఒక గొర్రెపిల్లను దానం చేసేశాను కూడా. పెద్దయ్యాక ఊరికి పోయి నా మందను నేనే చూసుకుంటానని నిజంగానే నమ్మాను.

ఎనభైల మధ్యలో, నాకు పదకొండేళ్లప్పుడు, మామ మా గుమ్మంలో దిగాడు. భుజాన గొంగడి ఉంది, చేతిలో కర్ర లేదు. వర్లిలో కట్టే బిల్డింగులో కూలి దొరికిందన్నాడు. మరి నా గొర్రెలను ఎవరు చూస్తున్నారని అడిగాను. అమ్మ గబుక్కున పొయ్యి వైపు తిరిగింది. మంద అమ్మేసి అప్పటికే రెండేళ్లయిందట. అమ్మకు తెలుసు. ఆ రెండేళ్ల కార్డుల్లో ఈనిన గొర్రెలన్నీ అబద్ధాలే.

"మోసం చేసినవ్ మామా!" అని అరిచాను.

"చేసిన బిడ్డా. నువ్వు అడుగుతుంటె అమ్మిన్నని చెప్పనీకె నోరు రాలే," అన్నాడు మామ. "ఎండకాలం పటేలు పొలంల మంద పండవెడుతుంటిమి. పెంటికలు ఆయన భూమికి, జొన్నలు మాకు. మా తాత కాలంకెళ్లి గదే. ఇప్పుడు యూరియా సంచులొచ్చినయ్, మంద తోల్కరాకన్నడు. బీడు గూడ దున్ని పల్లికాయ ఏసిండు. ఏడ మేపాలె? ఏం తినాలె?"

నేను వింటేగా! నాలుగు నెలలు ఆయన మా ఖోలీలోనే పడుకున్నాడు, నేను పలకలేదు. ఫోరస్ రోడ్ నుంచి నాకని తెచ్చిన జిలేబీ ముట్టలేదు. తర్వాత వర్లిలో తోటి కూలీలతో ఉంటూ, సిమెంటు మోసీ మోసీ అక్కడే పోయాడు.

మోసపోయానన్న మంట ఇప్పటికీ ఆరలేదు. కాకపోతే ఇప్పుడది, మూడు తరాలు తమ పొలానికి బలం పోసిన మందను ఒక్క మాటతో పొమ్మన్న వాళ్ల మీద. నా కోపం మామ మీదికి పోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆయన మీద నుంచి మళ్లడానికి పట్టిన ఏళ్లలో మామే లేకుండా పోయాడు.