తీర్పు వచ్చేదాకా ఉపవాసం

ఆ రోజుల్లో నాకు కోర్టు గురించి తెలిసిందంతా బైబిలు వాక్యంలో చదివినదే. రాజు సింహాసనం మీద కూర్చుంటాడు, ఇద్దరి మాటా వింటాడు, ఆ పూటే తీర్పు చెప్పేస్తాడు. కలకత్తాలో కూడా అంతే కాబోలు అనుకున్నాను. నా అజ్ఞానానికి ఒక సంఘం సంఘమంతా పస్తుండాల్సి వచ్చింది.

భవానీపూర్‌లో ఒక బొగ్గుల దుకాణం వెనక పొడవాటి గది మా ప్రార్థన స్థలం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేవాళ్ళు ఆదివారం చేతులు కడుక్కుని అక్కడ పాడేవారు. కరెంటు పోతే పాట ఇంకా పెద్దదయ్యేది. ఇంటి యజమాని పోయాక ఆయన కొడుకులు గది ఖాళీ చేయమని దావా వేశారు. సంఘ పెద్ద మా పెదనాన్నే కాబట్టి సోమవారం కోర్టుకు రమ్మని సమన్లు ఆయన పేరున వచ్చాయి. కాలేజీ దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక నిలబడి వివరించాను. వాది అంటే మన మీద దావా వేసినవాడు, ప్రతివాది అంటే మనం.

“మరి ఉత్తరవాది ఎవరే?” అంది డ్యూటీ మామ్మ. (మన పక్షాన వాదించేవాడని ప్రభువుకి వాక్యంలో ఆ పేరుంది. అడగడం న్యాయమే. మామ్మ డెబ్బయ్యేళ్ళొచ్చినా ప్రార్థనను కూడా డ్యూటీ అనే మనిషి.) వకీలు అన్నాను. ఆమెకు నచ్చలేదు.

“సోమారం ఏటవుద్ది?”

“తీర్పవుతుంది మామ్మా,” అన్నాను, జడ్జి నాకు మేనమామ అయినట్టు.

“అయితే తీర్పొచ్చేదాకా మెతుకు ముట్టను,” అంది. అందరూ ఆమెన్ అన్నారు. (ఆమెన్ అన్నాక వెనక్కి తీసుకోవడం లేదు.)

సోమవారం తెల్లవారగానే వాళ్ళు గదిలో చాపల మీద కూర్చున్నారు. పెదనాన్నా నేనూ ఎర్ర జెండాల ఊరేగింపు వెనక బస్సులో ఇరుక్కుని, ఎలాగో కోర్టుకు చేరాం. మధ్యాహ్నం దాటాక మా నంబరు పిలిచారు. మా వకీలు దాదా ఒక మాట అన్నాడు, అవతలి వకీలు ఒక మాట అన్నాడు, జడ్జి తలెత్తకుండా ఏదో రాశాడు. బయటికొచ్చేశాం. తీర్పేమిటని అడిగాను.

“తీర్పా, దిదీ? తారీఖు పడింది. పూజ సెలవులయ్యాక రండి,” అని వకీలు దాదా బెంగాలీలో నవ్వాడు. ముందు మన జవాబు, తర్వాత సాక్షులు, ఆ తర్వాత వాదనలు, అప్పుడు తీర్పు, దానిమీద అప్పీలు. ఎన్ని నెలలు పడుతుందంటే జాలిగా చూశాడు. అంతవరకూ ఉన్నది ఉన్నట్టే ఉండాలని మాత్రం జడ్జి రాశాడట.

పెదనాన్న బల్ల మీద కూలబడ్డారు. “ఆ ముసిల్ది సచ్చిపోద్ది. తీర్పన్నది నువ్వే, నువ్వే సెప్పు.”

గేటు దగ్గర కచూరీలు వేగుతున్నాయి. కాళ్ళు ఆగిపోయాయి. రెండు తిన్నాను. పెదనాన్న అటు తిరిగి నిలబడ్డారు, నేను తినడం చూడకూడదనేమో అనుకున్నాను. తర్వాత గమనించాను, ఆయన చేతిలోనూ ఆకు దొప్ప ఉంది.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. పెదాలెండి కూర్చున్నవాళ్ళకి తారీఖు, సాక్షులు, వాదనలు, అప్పీలు అన్నీ చెప్పాను. డ్యూటీ మామ్మ కళ్ళు మూసుకునే వింది.

“గది ఒగ్గీమన్నాడేటే?”

“లేదు మామ్మా. మళ్ళీ తారీఖు దాకా ఎవరూ వెళ్ళగొట్టకూడదు.”

“పాడుకోవచ్చా?”

“పాడుకోవచ్చు.”

“మరింకేటి తీర్పు కావాలే పిల్లా. గంజి ఎట్టండి,” అంది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని నా మొహంలోకి చూసింది. “మూతికి నూనేటే?”

పెదనాన్న గబగబా పాట ఎత్తుకున్నారు. మామ్మ మరి అడగలేదు. చీర కొంగుతో నా మూతి తుడిచి, మొదటి గిన్నె నాకే ఇచ్చింది.

ఆ కేసు ఏళ్ళ తరబడి నడిచింది. మామ్మ ప్రతి తారీఖుకూ తీర్పు కోసం కాక, ఇంకో తారీఖు కోసం ప్రార్థించేది, దేవుడు కాదనలేదు. కేసు తేలకముందే మామ్మా, పెదనాన్నా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. సంఘం పిల్లలు ఊళ్ళోనే అటు చివర సాల్ట్ లేక్ ఆఫీసులకు వెళ్ళిపోయి, తెలుగు పాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాసుకుంటున్నారు. చివరికి తీర్పొచ్చింది, గది పోయింది. ఇప్పుడు మాకు వేరే హాలుంది, మైకుంది. కరెంటు కూడా పోదు.

తీర్పు రోజు కోర్టుకు నేనొక్కదాన్నే వెళ్ళాను, ఏమీ తినకుండా. గది తాళంచెవి అవతలి వకీలుకి అప్పగించి గేటు దగ్గర రెండు కచూరీలు తిన్నాను. ఇంటికి బయల్దేరేముందు మూతి నేనే తుడుచుకున్నాను.