వేడిగాలి మీట

మా కఫీల్‌కు, అంటే ఈ గల్ఫు దేశంలో నన్ను డ్రైవరుగా పెట్టుకున్న యజమానికి, రెండు కార్లు. ఒకటి కొత్తది. మీట నొక్కితే స్టార్టవుతుంది, కూర్చుంటే సీటే చల్లబడుతుంది. నాలుగేళ్లుగా నడుపుతున్నా దానికీ నాకూ ఒక్క మాటపట్టింపు రాలేదు. రెండోది ఆయన చదువుకునే రోజుల్లో కొన్న ఆకుపచ్చ ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. ఇద్దరే పడతారు. నిలిపిన చోటల్లా ఆయిల్ కారుస్తుంది కాబట్టి కింద ఇసుక పోసిన రేకు పళ్లెం పెట్టాలి. చలికాలం మొరాయిస్తుంది, ఎండాకాలం మరిగిపోతుంది. అయినా నాకు అదంటేనే ప్రాణం. దాని రోగం చెవితో పట్టుకుని స్పానరుతో నయం చేయొచ్చు. కొత్తదానికి జబ్బు చేస్తే ఎర్రదీపం వెలిగించి ఊరుకుంటుంది. అర్దియాలోని మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లి కంప్యూటరు తగిలించేదాకా ఏమైందో చెప్పదు.

"గా డొక్కు కారు మీదున్న పాణం నా మీదుంటె ఎంత బాగుండు" అని జగిత్యాల నుంచి ఫోన్లో మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది.

నిరుడు వేసవిలో అది రోడ్డు మీద రెండుసార్లు ఆగింది. డెబ్బై దాటిన తండ్రి ఎండలో నిలబడాల్సి వచ్చిందని కఫీల్ కొడుక్కి కడుపు మండింది. "ఇంకొక్కసారి ఆగితే ఖలాస్, అమ్మేస్తా" అన్నాడు. బాబా, అంటే మా కఫీల్, ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం ఫింటాస్ సముద్రపు ఒడ్డున షికారు వెళ్లాం. ఆయన నడుపుతున్నాడు, నేను పక్కన. తిరుగుదారిలో సిగ్నళ్ల దగ్గర వేడి చూపించే ముల్లు పైకి లేచింది. బాబా వేడిగాలి మీట పూర్తిగా తిప్పాడు. చలిదేశం వాళ్లు కాళ్లు కాచుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటది. ఇంజను వేడి మన మీదికి వస్తే ఇంజను కాస్త చల్లబడుతుంది. బయట నిప్పులు, లోపల పొయ్యి. "ఓర్చుకో" అన్నాడు. ఓర్చుకున్నాను, ముల్లు దిగింది. ఇంకో రెండు సిగ్నళ్లు దాటితే ఇల్లు అనగా, ఆయన చూడకుండా నా చెయ్యి వెళ్లి మీట మూసేసింది. ఇన్నేళ్లు ఈ ఎండల్లో బతికిన చెయ్యి, వేడిగాలి తగిలితే మూయకుండా ఎలా ఉంటుంది? కారు మా వీధి మొదట్లో భుస్సుమని ఆవిరి కక్కి ఆగిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. "తప్పయింది బాబా, నేనే బందువెట్టిన" అన్నాను. ఆయన తిట్టలేదు. "తొయ్యి" అన్నాడంతే.

గేటు దగ్గర కొడుకు ఎదురయ్యాడు. "ఆగిందా?"

"లేదు సార్. ఇంట్ల పిల్లలు పండుకున్నరని బాబానే ఇంజన్ బందువెట్టిండు."

సాయంత్రం ఆరింటికి ఏ పిల్లలు పడుకుంటారు! బానెట్ మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది. కొడుకు ఆవిరిని చూశాడు. చెమటకు తడిసి ముద్దయి, స్టీరింగు వదలకుండా కూర్చున్న తండ్రిని చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు.

వారమంతా గేటు చప్పుడైతే చాలు, కారు కొనేవాడే వచ్చాడని ఉలిక్కిపడ్డాను. శుక్రవారం బయల్దేరబోతే సీటు వెనక రెండు నీళ్ల క్యాన్లు కనిపించాయి. నేను పెట్టలేదు. బాబా కూడా తాను కాదన్నాడు, కానీ నవ్వు దాచుకోలేకపోయాడు. ఇంతలో మేడ మీది కిటికీ తెరిచి కొడుకు నావైపే వేలు చూపిస్తూ అరిచాడు.

"యల్లా, వెళ్లిరండి! నువ్వు మాత్రం ఆ వేడిగాలి మీట ముట్టుకోకు!"