లండన్ దాకా మొక్కు బెల్లం

చెల్లెలు పద్మకి గుండెలో వాల్వు మార్చాలన్నారని, ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చేశారని మా మరిది ఫోన్ చేసినప్పటి నుంచి నాకు అన్నం సరిగ్గా దిగలేదు. వాళ్ళుండేది లండన్‌కి గంట దూరంలో, రెడింగ్‌లో. "వదినా, మీరు పక్కనుంటే తనకి ధైర్యం" అన్నాడతను. అమ్మ పోయాక పద్మని పెంచింది నేనే. విశాఖపట్నం దాటి ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళకపోయినా సరే అనేశాను. భయం ఆ తర్వాత మొదలైంది.

అనకాపల్లిలో ఉదయం ఏడు గంటల రైలు. ప్లాట్‌ఫాం మీదికి మా సత్యవతత్త, అంటే మేనత్త, ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో పసుపు గుడ్డలో కట్టిన బెల్లం ముద్ద.

"ఈ ఏడు మన పొయ్యి మీంచి దించిన మొదటి బెల్లవే ఇది. నూకాలమ్మ తల్లికి మొక్కి కట్టేను. పద్మ ఆపరేషన్‌కెళ్ళే పొద్దున అమ్మవారి పటం ముందెట్టు. అది కళ్ళు తెరిసేక నోట్లో ఎయ్యి, ఒక్క పలుకు. ఈలోగా ఎవ్వరి నోరూ తగలకూడదు. ఎంగిలైందో, మొక్కు సెడిపోద్ది" అంది. నా ఎదుటే ఆ ముడి మీద ఇంకో ముడి వేసి రెండు చేతులా బిగించింది.

ఆ మూటని ఒళ్ళోనే పెట్టుకున్నాను. తునిలో ఇడ్లీ, రాజమండ్రిలో గోదావరికి దణ్ణం. సాయంత్రానికి హైదరాబాదు చేరి, పెదనాన్నగారి కోడలింట్లో పడుకుని, తెల్లవారుజామున విమానాశ్రయానికి వెళ్ళాను. తనిఖీ దగ్గర సంచి యంత్రంలోంచి రాగానే ఒక ఉద్యోగి ఆ మూట పైకెత్తి "ఇదేంటమ్మా, విప్పండి" అన్నాడు. "దేవుడి బెల్లం బాబూ, విప్పకూడదు" అన్నాను. ఆయన ఒకసారి వాసన చూడబోయి నా మొహం చూసి ఆగాడు. మళ్ళీ యంత్రంలో వేసి ఇచ్చేశాడు. ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

విమానం ఎనిమిదికి లేచింది. పది గంటల పైచిలుకు ప్రయాణం, ఎక్కడా ఆగదు. మొదటిసారి వెళ్ళేవారికి ఒక మాట: దుప్పటి ఇస్తారు గానీ సరిపోదు, శాలువా దగ్గర పెట్టుకోండి. నాకు మధ్య సీటు వచ్చింది. కిటికీ పక్కన తెల్ల పంచె మీద కోటు తొడిగిన పెద్దాయన. ఇటు పక్కన ముప్పై ఏళ్ళ అమ్మాయి, వేళ్ళ మధ్య జపమాల.

విమానం నేల వదిలేటప్పుడు నేను కళ్ళు మూసుకుని "తల్లీ, తల్లీ" అంటుంటే పెద్దాయన నవ్వారు.

"ఏ ఊరమ్మా మీది?"

"అనకాపల్లండి."

"ఓర్నాయనో! మాది రోలుగుంట! అప్పలనాయుడంటారు. కూతురు దగ్గరికెల్తన్నాను."

ఇటు పక్కమ్మాయి వంగి, "నాది గొలుగొండ, తాతా. మేరీ కుమారి" అంది. లండన్‌లో ఒక హోటల్ వంటింట్లో పని చేస్తుందట. ఇంత ఆకాశంలో ముగ్గురం ఒక జిల్లా వాళ్ళం ఒకే వరసలో కూర్చున్నాం. ఎవరికి దణ్ణం పెట్టాలో అర్థంకాక సంచిలోని మూటకే పెట్టాను.

ఆ మూట చూశాక నాయుడుగారు ఊరుకోలేదు. "నీ సంచిలోంచి ఊరి వాసన వత్తందమ్మా. చిన్న పలుకు ఇయ్యి."

"అమ్మవారి మొక్కు, బాబాయ్. ఎంగిలి కాకూడదు. మా చెల్లెలికి గుండె ఆపరేషన్."

"సరే సరే. నూకాలమ్మకి నాకంటే ముందు ఆకలేసినట్టుంది" అని నవ్వి, "మీ సెల్లికి ఏటీ కాదులే" అన్నారు.

మేరీ తన జంతికల డబ్బా తెరిచి మా ఇద్దరికీ పెట్టింది. "తీపి మాత్రం లేదక్కా. తపస్కాలం కదా, ఈస్టర్ దాకా మానేశాను."

ఇంకో గంటకి భోజనాల బండి వాసన వచ్చింది. నాయుడుగారు కోటు జేబులోంచి పెన్నులాంటి ఇన్సులిన్ తీసి, చొక్కా పక్కకి జరిపి పొట్టలో పొడుచుకున్నారు. "ఇంట్లో కంచం సప్పుడు ఇనగానే ఏసేసుకుంటాను, అలవాటు" అన్నారు. పొద్దుట్నుంచి కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదట. మా నాన్నకీ షుగరుండేది. కంచం ముందుకు వచ్చాకే ఇంజక్షన్ అని అమ్మ ఎప్పుడూ గద్దించేది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది, పెద్దాయనకి చెప్పడం బాగోదని మింగేశాను.

బండి మాకు నాలుగు వరసల దూరంలో ఉండగా విమానం కిందికి జారింది. మళ్ళీ లేచింది, మళ్ళీ జారింది. బెల్టు దీపాలు వెలిగాయి. ఏదో ప్రకటించారు. బండ్లన్నీ గబగబా వెనక్కి లాక్కుపోయారు, సిబ్బంది కూడా తమ సీట్లకి కట్టేసుకున్నారు. పైనున్న అరలు టకటకలాడుతున్నాయి. ఎవరో పసిబిడ్డ ఏడుపు. ఎన్నోసార్లు ఈ దారిన తిరిగిన మేరీ నా చెయ్యి పట్టుకుని "మరియమ్మ తల్లీ" అంటోంది. నేను నూకాలమ్మని పిలుస్తున్నాను. అది ఎంతసేపటికీ ఆగలేదు.

"బండెవడు తోల్తన్నాడ్రా?" అని నాయుడుగారు అరిచారు. తిరిగి చూస్తే చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. "ఎవర్నువ్వు? ఎడ్లేయి?" అన్నారు నన్ను చూసి.

నాన్న ఒకసారి ఇలాగే మాట్లాడి, అలాగే ఒరిగిపోయారు. అది షుగరు పడిపోవడమని నాకు తెలుసు. పిలుపు మీట నొక్కాను. దీపం వెలిగింది, ఎవరూ రాలేదు. మేరీ "ఎక్స్‌క్యూజ్ మీ" అని కేకేస్తే దూరంగా కట్టుకుని కూర్చున్న అమ్మాయి కదలొద్దని చేత్తో సైగ చేసింది. మా వెనక వరసలో ఎవర్నైనా అడుగుదామంటే అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. మేరీ తన సంచి అంతా గుమ్మరించింది. జంతికలు, మాత్రలు, దువ్వెన.

"అక్కా, నీ దగ్గర బెల్లం ఉంది కదా" అంది.

ఉంది. నా కళ్ళ ముందు పద్మ ఆపరేషన్ బల్ల మీద పడుకుని కనబడింది. పక్కన నాయుడుగారి తల వాలిపోతోంది. తల్లీ, నన్నెందుకిలా పరీక్షిస్తున్నావు అనుకున్నాను. మూట తీశాను. అత్త వేసిన ముడి ఊడదే! గోళ్ళు విరిగాయి గానీ ముడి కదల్లేదు. విమానం మళ్ళీ జారింది.

అప్పుడు చిన్నప్పటి పని చేశాను. నేనూ పద్మా ఒక్క బెల్లం ముక్క పంచుకోవాలంటే, పరికిణీ అంచు కప్పి, దాని మీంచి కొరికేవాళ్ళం. అది కాకెంగిలి, ఎంగిలి కాదు, పిల్లలందరి లెక్కా అదే. పసుపు గుడ్డ మీంచే గట్టిగా కొరికాను. ముద్ద పగిలింది. గుడ్డ వదులైంది. సందులోంచి పలుకులు రాల్చి, నలిపి, నాయుడుగారి బుగ్గలో పెట్టాను. "మింగండి బాబాయ్, మింగండి." మేరీ ఆయన గడ్డం పట్టుకుంది. పెట్టాను, మళ్ళీ పెట్టాను. చాలాసేపటికి ఆయన నాలుకతో పెదవులు తడుముకున్నారు.

"బెల్లం" అన్నారు. తర్వాత నా వైపు చూసి, ఒళ్ళో చిందరవందర మూట చూసి, వెలవెలబోయారు. "అమ్మవారిది కదమ్మా! ఎంత పని సేసేవు! నేను నోటికొచ్చినట్టు వాగేను కూడాను."

"మీరేం చేశారు బాబాయ్, నేనే పెట్టాను" అన్నాను.

కుదుపు తగ్గాక సిబ్బంది అమ్మాయి పరుగున వచ్చి పళ్ళరసం, భోజనం ఇచ్చి, ఆయన పక్కనే నిలబడి తినిపించింది. ఆయన బతికారు. ఆ మేలు తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన దాన్ని, మిగిలిన దారంతా భయంతో బిగుసుకుని కూర్చున్నాను. కాకెంగిలి పిల్లల న్యాయం. అమ్మవారి దగ్గర చెల్లుతుందా? మేరీ నా మోచెయ్యి తట్టి, "మీ చెల్లెలి పేరేటక్కా?" అంది. చెప్పాను. లండన్ వచ్చేదాకా ఆమె జపమాల తిప్పుతూ మధ్యమధ్య "పద్మ" అంటుంటే వినబడింది.

దిగాక నాయుడుగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కూతురు ఎదురొచ్చి వాటేసుకుంది. వెళ్తూ వెళ్తూ ఆయన వెనక్కి తిరిగి నాకు రెండు చేతులూ జోడించారు. వద్దని నేను చేతులు ఊపాను.

ఆపరేషన్ పొద్దున పద్మ ఇంట్లో ఆ పగిలిన మూటని పటం ముందు పెట్టడానికి చెయ్యి రాలేదు. చివరికి పెట్టి, "జరిగింది నువ్వూ చూశావు తల్లీ" అన్నాను. అత్తకి చెప్పలేదు, పద్మకి అప్పుడెలా చెప్పను? ఆసుపత్రి హాల్లో తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. డాక్టరు వచ్చి బాగా జరిగిందన్నాడని మరిది చెప్పాడు. అయినా పద్మ కళ్ళు తెరిచేదాకా నమ్మలేదు. అది తెరవడానికి ఆలస్యం చేసింది. ఆ ఆలస్యమంతా నా పళ్ళ వల్లే అనుకున్నాను.

తెరిచింది. నన్ను చూసి వేలు కదిపింది. మళ్ళీ తిండి తినడం మొదలుపెట్టాక, నర్సుని అడిగి, మూట తీసి, పద్మకి జరిగిందంతా చెప్పేశాను.

పద్మ గుడ్డ మీద పడ్డ పళ్ళ గుర్తుని చూసింది. నవ్వబోయి ఛాతీ నొప్పికి ఆగిపోయింది. "కాకెంగిలే కదక్కా. అమ్మవారికి తెలీదేటి? పెట్టు" అని నోరు తెరిచింది.

అత్తకి కూడా పద్మే ఫోన్లో అంతా చెప్పింది. నేను ఫోన్ అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. అత్త, "ఆ రోలుగుంటాయన బాగున్నాడంటా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణం కూడా అలాంటి విమానంలోనే. ఈసారి పక్కన తెలిసిన ఊరివాళ్ళెవరూ లేరు. ఇంత పెద్ద ఇనుము గాల్లో నిలబడుతుందంటే ఇప్పటికీ నాకు నమ్మకం కలగదు, లేచేటప్పుడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. కానీ పొద్దున్నే ఒక కూతురు తన తండ్రికి కాఫీ ఇచ్చి ఉంటుంది, రెడింగ్‌లో మా పద్మ కిటికీ దగ్గరికి నాలుగడుగులు నడిచి ఉంటుంది. ఆ తల్లికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. భోజనాల బండి వాసన రాగానే చుట్టూ చూశాను, ఎవరైనా ముందే సూది తీస్తున్నారేమోనని.

మిగిలిన బెల్లాన్ని గుడి కోసం అదే పసుపు గుడ్డలో కట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ముడి మాత్రం వదులుగా వేశాను.