పద్నాలుగు ఖాళీ వరుసలు

మంగళవారం పొద్దున గేటు జాబితా ప్రింటరులోంచి సగం దిగి ఉండగా నా ఫోన్ మోగింది. కిష్టారెడ్డిపేట నుంచి మా కంప్యూటర్ సారు పక్కింటాయన. "అన్నా, సారు ఇగ లేడు. పొద్దుగాల వాళ్ళమ్మ చాయ్ తీస్కపోయి లేపితే లేవలే" అన్నాడు. ప్రింటరు మాత్రం కిర్రుకిర్రుమంటూ తన పని తాను చేసుకుపోయింది. కాగితం చించి చూస్తే, ఆఫీసు విభాగంలో చివరి పేరు సారుదే. ఆ రోజు డ్యూటీకి వస్తున్నట్టే ఉంది.

నిజం చెప్పాలంటే ఆ ఫోన్‌ను మొదట నమ్మలేదు. తప్పు నాదే. ఇన్నేళ్ళుగా దొంగ ఫోన్లు చేసి మనుషులను పరిగెత్తించినవాణ్ణి. నా మందు నాకే పోస్తున్నారేమో అనుకున్నాను. పక్కింటాయన ఏడుపు ఆపుకోలేక ఫోన్ పెట్టేశాక గానీ నాకు అర్థం కాలేదు. అప్పుడు మొదట గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. ఆయనకు చెప్పాల్సి ఉండి చెప్పకుండా దాచుకున్న ఒక మాట.

మాది పటాన్‌చెరులో పంపులకు విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీ. నేను టైమాఫీసు గుమాస్తాను. ఇంటర్ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ ఇంటరే గెలిచింది. సారు మా కంపెనీ మొత్తానికీ ఒకే ఒక్క కంప్యూటర్ మనిషి. సంగారెడ్డిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ, ఆ పాఠాల మధ్యే కంప్యూటర్ నేర్చుకున్నారట. అందుకే ఏది చెప్పినా బోర్డు మీద చాక్‌పీసుతో చెబుతున్నట్టు నిదానంగా, చివర "ఎక్కిందా?" అని అడిగి మరీ చెప్పేవారు.

అలాంటి మనిషి నా ఎదుటి బల్ల మీద కూర్చుంటే నేను ఊరుకుంటానా? మౌసు అడుగున టేపు అంటించాను. చాయ్ గ్లాసుకు మూతగా ఆయన అద్దాల పెట్టె పెట్టాను. ఒకసారి తెర మీద బొమ్మంతా తలకిందులు చేసి పెట్టాను. ఆయన అరగంట మెడ వంచి అలాగే పని చేసుకున్నారు. తర్వాత తల ఎత్తకుండానే, "తమ్మీ, మెడ గుంజుతుంది. నీ సంబురం అయిపోతే ఇగ సీదా చెయ్" అన్నారు. ఆయన మీద ఏ వేషమైనా అంతే. నవ్వుదామని చేస్తే చివరికి నవ్వేది ఆయనే.

ఇక ఆ జాబితా సంగతి. మా గేటు దగ్గర ప్రతి పొద్దునా ఒక కాగితం ఉంటుంది. ఆ రోజు డ్యూటీ ఉన్నవాళ్ళ పేర్లు దాని మీద ఉంటాయి. పేరుంటే లోపలికి, లేకపోతే ఇంటికి. బీహారు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ దగ్గర అట్ట పలక, దానికో క్లిప్పు, చేతిలో నీలం పెన్ను. ఒక్కో పేరుకు టిక్కు కొట్టి మనిషిని పంపిస్తాడు.

ఆ పేర్లు తీసి ప్రింటరుకు పంపే కంప్యూటర్ పేజీని సారు రాకముందు బయటివాళ్ళెవరో రాసిచ్చి పోయారు. సర్వర్ ప్రతి తెల్లవారీ రిజిస్టరులోని పేర్లన్నీ ఒక్కొక్కటే చూస్తుంది. డ్యూటీ ఉన్నవాడి పేరు రాస్తుంది, లేనివాడిది వదిలేస్తుంది. కానీ పేరు వదిలేసినా వరుస మాత్రం దిగేది. కంప్యూటర్ తెర ఆ ఖాళీలను మింగేసి అంతా చక్కగా చూపిస్తుంది. మా పాత ప్రింటరుకు ఆ మర్యాద తెలియదు. ఖాళీ పంపితే ఖాళీయే కొట్టేది. ఒక పేరు, అయిదు ఖాళీలు, రెండు పేర్లు, తొమ్మిది ఖాళీలు. ఒక్క కాగితంలో పట్టాల్సిన మనుషులు మూడు కాగితాలకు పరుచుకునేవాళ్ళు. మొదటిది క్లిప్పుకు ఉండేది, రెండోది గాలికి పోయేది, మూడోది వాచ్‌మన్ చాయ్ గ్లాసు కింద తడిసేది. అందరికంటే చివర ఉండేది ప్యాకింగ్ విభాగం. కాబట్టి ఎండలో నిలబడేది ఎప్పుడూ ప్యాకింగ్ ఆడవాళ్ళే.

సారు వచ్చిన వారానికే ఆ మూడు కాగితాలూ బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి, పెన్సిల్‌తో ఖాళీ వరుసలకు నంబర్లు వేయడం మొదలుపెట్టారు. "సార్, పేర్లు లెక్కపెట్టేటోళ్ళను చూసిన గని లేని పేర్లు లెక్కపెట్టేటోళ్ళను గిప్పుడే చూస్తున్న" అన్నాను.

"ఊకెనే ఏ ఖాళీ రాదు తమ్మీ. ఎవరో ఒకరు పంపితెనే వస్తది" అన్నారు. పేజీ తెరిచి, సర్వర్‌కు చెప్పే మాటలు మొదలయ్యే చోటా ముగిసే చోటా ఉన్న గుర్తులు చూపించారు. "గీ గుర్తు లోపట ఉన్నదంత సర్వర్‌కు. బయట ఉన్నదంత కాగితానికి. బయట నువ్వు ఎంటర్ కొట్టినవనుకో, అది గూడ కాగితం మీదికి పోతది. ఎక్కిందా?"

"ఎంటర్‌ల ఏముంటది సార్, ఉత్త ఖాళీయే గద?"

"నీకు ఖాళీ. సర్వర్‌కు అది గూడ ఒక అక్షరమే."

మూడు రోజులు కూర్చున్నారు. ఒక గుర్తు మూసిన చోటే, సందు లేకుండా, తర్వాతి గుర్తు తెరిచారు. పేరు రాస్తేనే వరుస దిగేలా ఆ రెండింటినీ ఒకే చోట కట్టేశారు. ఈ తంటా ఎందుకని మా మేనేజరు విసుక్కున్నారు. చివర్లో ఒక్క కమాండు పెట్టి ఖాళీలన్నీ ఊడ్చేస్తే పోలేదా అన్నారు. సారు తల అడ్డంగా ఊపారు. "అన్నీ ఊడిస్తే పేరుకూ ఇంటిపేరుకూ నడుమ సందు గూడ పోతది సార్. ఆఫీసోళ్ళకూ మిషన్‌ షాపోళ్ళకూ నడుమ ఒక్క వరుస ఉండాలె. లేకపోతే వాచ్‌మన్ కన్ను ఏడ ఆగాలె?" అందుకని ఒక్కో విభాగం తర్వాత ఒక్క ఖాళీ వరుసను మాత్రం కావాలని ఉంచారు. ఆయన చర్చికి పాటల కాగితాలు కూడా ఇక్కడే కొట్టుకునేవారు. వాటిలో చరణానికీ చరణానికీ మధ్య జానెడు జాగా. అదేంది సార్ అంటే, "ముసలోళ్ళు పాడుతరు గదా, ఊపిరి తీస్కోవద్దా?" అనేవారు.

నాలుగో రోజు జాబితా ఒక్క కాగితంలో దిగింది. వాచ్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బస్, ఇత్నా హీ?" అన్నాడు, ఇంతేనా అన్నట్టు. ఆ తర్వాత గేటు దగ్గర ఎవరూ నిలబడలేదు.

ఏడాది అలా గడిచింది. సెలవు రోజుల నోటీసు మార్చుకొమ్మని సారు నాకు ఆ పేజీ తాళం, అదే పాస్‌వర్డ్, ఇచ్చారు. కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే. ఒక సాయంత్రం పేజీ తెరిచి, ఆయన గుర్తు మొదలయ్యే చోటుకు పైన, బయట, ఎంటర్ కొడుతూ పోయాను. సారు చూసి లబలబలాడతారు, "మీ ఖాళీలు తిరిగొచ్చినయ్ సార్" అందామని. చూపించి తీసేద్దామనే నా ఆలోచన. ఆయన ఆ పూట స్టోరుకు వెళ్ళారు. ఇంతలో కంపెనీ బస్సు హారన్ కొట్టింది. సంచి తీసుకుని ఉరికాను. మర్నాడు సదాశివపేటలో చుట్టాల ఇంట్లో దావతు, నాకు సెలవు. తిన్నాను, పడుకున్నాను. పేజీ మాటే గుర్తు రాలేదు.

నేను ముక్కలు కొరుకుతున్న ఆ పొద్దున జాబితా కాగితం మధ్యలోకి జారి మొదలైంది. చివరి పేర్లు రెండో కాగితానికి పోయాయి. ఏడాదిగా ఒక్క కాగితమే చూసినవాడు రెండోది ఉంటుందని ఎందుకనుకుంటాడు? వాచ్‌మన్ మొదటిది చించుకుని పోయాడు. రెండోది ప్రింటరుకే వేలాడుతూ ఉండిపోయింది. ఆ కాగితంలోని మిగతావాళ్ళతో పాటు హత్నూర నుంచి వచ్చే ప్యాకింగ్ అక్కను కూడా పేరు లేదని వెనక్కి పంపారు. ఆమెకు అది ఆ నెలలో మూడో నాగా. అత్తకు బాగాలేక అప్పటికే రెండు రోజులు రాలేదు. మూడు నాగాలైతే కాంట్రాక్టరు పేరే కొట్టేస్తాడు. కొట్టేశాడు.

ఆ మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి సారు మేనేజరు గదిలో నిలబడి ఉన్నారు. "తప్పు నా పేజీది సార్. ఆమె వచ్చింది, మనమే పంపించినం" అంటున్నారు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టారు. దానికి బదులుగా ఆయనకు ఒక మెమో వచ్చింది. వారం రోజులు కాంట్రాక్టరు వెంట తిరిగి అక్క పేరు మళ్ళీ ఎక్కించారు. ఆ వారమంతా నేను నా బల్ల దగ్గర తలవంచుకుని, లేని పని ఉన్నట్టు రాసుకుంటూ కూర్చున్నాను.

అంతా అయ్యాక ఒక మధ్యాహ్నం సారు చాయ్ ఊదుకుంటూ అన్నారు: "తమ్మీ, పేజీల ఎవరో ఎంటర్ కొట్టిండ్రు. పద్నాలుగు సార్లు."

"కోతులు తిరుగుతున్నయేమో సార్."

ఆయన నవ్వారు. "ఉంటయ్ ఉంటయ్" అన్నారు. అంతే. పేజీ తాళం నా దగ్గరే ఉంచారు. మార్చలేదు కూడా. ఆ తర్వాత రోజూ చెబుదామనుకున్నాను. పొద్దున చాయ్ అప్పుడనుకుని అన్నాల వేళకు, అప్పుడనుకుని బస్సు వేళకు వాయిదా వేశాను. ఊరందరినీ ఆడించే నా నోరు ఆ ఒక్క మాట దగ్గర ఎందుకు పెగల్లేదో ఇప్పటికీ తెలియదు.

బుధవారం కిష్టారెడ్డిపేటలో మట్టి ఇచ్చారు. ఆయన కొట్టిన కాగితాల్లోంచే పాటలు పాడారు. జాగా ఉన్న ప్రతి చోటా ముసలివాళ్ళు ఆగి ఊపిరి తీసుకున్నారు. హత్నూర అక్క గోడ పక్కన నిలబడి ఉంది. ఆగలేక పోయి చెప్పేశాను. "అక్కా, ఆనాడు నీ పేరు పోయింది సారు తప్పు కాదు. నేను కొట్టిన, మజాకుకు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గిప్పుడా చెప్పేది? ఆయనున్నప్పుడు నోరు ఏడవెట్టినవ్?" అంది. మళ్ళీ తనే అంది: "ఆయితారం నాడు రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చిండయ్యా సారు. నా వల్ల గిట్లయిందమ్మా అని నిలవడ్డడు. కూసోమంటె కూసోలే. మా అత్తకు సంత్రపండ్లు తెచ్చిండు."

ఆ సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏడ్వకు. రేపు లిస్టు మంచిగ కొట్టు" అని మట్టి వేయడానికి వెళ్ళింది.

గురువారం పొద్దున జాబితా కొట్టాను. సారు పేరును రిజిస్టరులోంచి అప్పటికే తీసేశారు. కనీసం ఆయన ఉన్న చోట ఒక ఖాళీ అయినా కనిపిస్తుందేమోనని వెతికాను. లేదు. పేరు లేనివాళ్ళ కోసం వరుస దిగకుండా చేసింది ఆయనే కదా. పేజీ తాళం నా దగ్గరే ఉంది. ఎంటర్ మీద వేలు పెట్టాను. తీసేశాను. ఒక్క కాగితమే చించుకుని, వెనక ఇంకోటి లేదని రెండుసార్లు చూసి గేటుకు పట్టుకెళ్ళాను.

వాచ్‌మన్ పేర్లకు టిక్కులు కొట్టుకుంటూ వచ్చాడు. ఆఫీసు విభాగం అయిపోయింది. రోజూ సారు పేరు ఉండే చోటుకు, విభాగానికీ విభాగానికీ మధ్య సారు ఉంచిన ఆ ఒక్క ఖాళీ వరుస ఇప్పుడు జరిగి వచ్చింది. వాడి చెయ్యి అలవాటుగా అక్కడ ఆగింది. కిష్టారెడ్డిపేట రోడ్డు వైపు తలెత్తి చూశాడు. వెనక లైనులో అక్క టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని నిలబడింది. ఎవరూ తొందర పెట్టలేదు. వాడు పెన్ను ఎత్తేసరికి ఆ తెల్లటి వరుసలో కందిగింజంత నీలం చుక్క పడి ఉంది.