కంపెనీ గోలీ, సర్కారు గోలీ

మందుల గురించి మా అమ్మకు ఒక గట్టి నమ్మకం ఉండేది. పైసలు పెట్టి కొన్న గోలీకి పవర్ ఉంటుంది, ఉత్తగా వచ్చిన గోలీకి ఉండదు. ఎవరు చెప్పినా, ఎన్నిసార్లు చెప్పినా అంతే. "పైసల్లేకుండ ఇచ్చేదాంట్ల ఏముంటది బిడ్డా, సున్నం ఉంటది" అనేది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పిపుట్టేది తప్ప ఆమె చెవికి ఎక్కేది కాదు.

మేము కాశిబుగ్గలో ఉండేవాళ్లం. నాయిన కూలికి మగ్గం నేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. ఎనభైల మొదట్లో, నేను ఇంటర్లో చేరిన ఏడాది, తొమ్మిదో తరగతి చదువుతున్న మా చెల్లెకు బడిలో ప్రార్థన జరుగుతుండగా ఫిట్స్ వచ్చాయి. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టినవాళ్లు పెట్టారు, ఉల్లిగడ్డ వాసన చూపించినవాళ్లు చూపించారు. మర్నాడు పెద్ద టీచరమ్మ నాయినను పిలిపించింది. "మందు వాడి తగ్గించుకోండ్రి. ఇంకోసారి బడిల పడితే మాత్రం టీసీ ఇచ్చి పంపిస్తం. మిగతా పిల్లలు దడుసుకుంటాన్రు" అంది. చెల్లెకు బడి అంటే ప్రాణం. పది పాసై, టీచర్ ట్రైనింగ్ చేస్తానని దాని పట్టుదల. లెక్కల్లో నాకన్నా చురుకు. ఆ మాట ఎవరైనా అంటే అప్పట్లో నాకు గిట్టేది కాదు గానీ, నిజం.

హనుమకొండలో ఒక ప్రైవేటు డాక్టరు చూసి గోలీలు రాశాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మూడేళ్ల పాటు ఒక్కపూట కూడా తప్పకూడదన్నాడు. వెండిరంగు షీటు, దాని మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో కంపెనీ పెట్టిన పేరు. గోలీలు పనిచేశాయి, ఫిట్స్ ఆగాయి. ఆగనిది ఖర్చు ఒక్కటే. షీటు మొత్తం ఒకేసారి కొనే స్తోమత మాకు లేదు. నాలుగో ఆరో కత్తిరించి ఇమ్మంటే, మందుల దుకాణం ఆయన కత్తెర వెతకడానికే పది నిమిషాలు తీసుకునేవాడు. "ఇది ఉప్పా పప్పా, గింత గింత కొనుటానికి?" అని అందరి ముందే అనేవాడు. ఆ దుకాణానికి పోవాల్సింది ఎవరు? నేనే. కాలేజీ పుస్తకాలు పట్టుకుని, పక్కన మా క్లాసు పిల్లలెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూస్తూ, సిగ్గుతో చచ్చేదాన్ని.

నూలు దొరక్క మగ్గం ఆగిపోయిన నెలలో నాయిన తేల్చి చెప్పేశాడు. "ఇగ నాతోని కాదు. సర్కారు దవాఖాన్ల ఇదే బీమారికి ఉత్తగనే ఇస్తాన్రట. రేపు తీస్కపోండ్రి."

అమ్మ, నేను, చెల్లె పోయాం. చీటీకి ఒక లైను, డాక్టరుకు ఒక లైను, గోలీలకు ఇంకో లైను. మధ్యాహ్నం అయ్యేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. డాక్టరు పాత చీటీ చూపించమంటే, ముందెక్కడా చూపించలేదని అమ్మ అబద్ధం ఆడింది. ప్రైవేటు దగ్గరికి పోయామని తెలిస్తే ఇక్కడ చూడరని ఆమె భయం. ఆ భయం ఎక్కడినుంచి పుట్టిందో, ఎవరు నూరిపోశారో. కంపౌండరు కాగితం పొట్లంలో తెల్లటి విడి గోలీలు పోసి, పైన ఇంగ్లీషులో మందు పేరు రాసిచ్చాడు. ఇవీ అంతే, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

ఇంటికొచ్చాక అమ్మ ఒక చేత్తో షీటు ముక్క, ఇంకో చేత్తో పొట్లం పట్టుకుని నా ముందు కూర్చుంది. చెల్లె పక్కనే బీడీ ఆకు కత్తిరిస్తోంది.

"జర సదివి చెప్పు బిడ్డా. రెండూ ఒక్కటేనా?"

చదివాను. షీటు మీద ఎర్ర అక్షరాల్లో ఒక పేరు, పొట్లం మీద ఇంకో పేరు. "ఒక్క అక్షరం గూడ కలుస్తలేదమ్మా. ఇది వేరే, అది వేరే" అన్నాను. ఎంత ధీమా చూడండి. ఇంటర్మీడియట్ ఇంగ్లీషు మరి.

"మరి పాతయి బంజెయ్యాల్నా?"

"నన్నడుగుతవేంది, నేనేమన్న డాక్టర్నా?" అని విసుక్కుని పుస్తకం తీసుకున్నాను.

అమ్మ తనకు తోచిన దారి తను పట్టింది. మొదటి డాక్టరు ఒక్కపూట తప్పొద్దన్నాడు. రెండో డాక్టరు కూడా తప్పొద్దన్నాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఎవరి మాటా కాదనలేం. రెండు రకాల గోలీలు కలిపి వేస్తే పిల్లకు ఢోకా లేదు, బడీ పోదు. నాయిన ఒప్పుకోడు కాబట్టి ఆయనకు చెప్పలేదు. బీడీల పైసల్లోంచి తీసి, షీటు ముక్కలు బియ్యం డబ్బాలో దాచి, పూటకు రెండు గోలీలు వేసింది. ఖర్చు తగ్గిందని నాయిన సంబరపడ్డాడు. ఎక్కడ తగ్గింది? ఆ దుకాణం ఆయన ముందు నిలబడి మాటలు పడుతున్నది అప్పుడూ నేనే.

మూడు వారాలు గడిచేసరికి చెల్లె తూలుతూ నడవసాగింది. మాట ముద్దముద్దగా వచ్చేది. బోర్డు మీద ఒక్క అంకె రెండుగా కనబడుతోందని చెప్పింది. నిద్ర చాలక అని అమ్మ, అన్నం సరిగా తినక అని నాయిన. "సదువుడు ఇష్టం లేక నకరాలు జేస్తాంది" అన్నది నేను. అవును, ఆ మాట నేనే అన్నాను. పక్కింటామె గాలి సోకిందని నిమ్మకాయ దిగదుడిచింది. ఇంతమందిమి ఇన్ని చెప్పాం గానీ, గోలీల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఒకరోజు చెల్లె బడి మెట్ల మీద పడింది. ఫిట్స్ కాదు. కాలు నిలవక పడింది, తెలివిలోనే ఉంది. నాకు ఫిట్స్ రాలేదు మేడమ్ అని అదే చెప్పింది కూడా. ఆ ముద్దమాటలతో చెబితే ఎవరు నమ్ముతారు? సాయంత్రానికి టీసీ మా చేతికొచ్చింది.

మళ్లీ సర్కారు దవాఖానకు పోయాం. ఈసారి నాయిన కూడా వచ్చాడు. డాక్టరు చెల్లెను తిన్నగా పది అడుగులు నడవమన్నాడు. నడవలేకపోయింది. కళ్లలోకి చూసి, "ఇవి గాక ఇంకేం గోలీలు వేస్తున్నరు?" అని అడిగాడు. అమ్మ ఒకసారి నాయిన వైపు చూసి, కొంగు ముడి విప్పి షీటు ముక్క తీసింది. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి, ఎర్ర అక్షరాల కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మాటను గోటితో చూపించాడు. పొట్లం మీద కంపౌండరు రాసిన మాట అదే.

"పెద్దగ ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. మందు పేరు ఇది. రెండూ ఒక్కటే మందు. ఇన్నాళ్లూ పిల్లకు డబుల్ డోసు పడ్డది. వేరే వేరే అని మీకెవరు చెప్పిన్రమ్మా?"

నేను పక్కనే ఉన్నాను.

"నాకు సదువు రాదు సారూ. నాకే గట్ల తోచింది" అంది అమ్మ.

నాయిన దారిపొడుగునా తిట్టాడు. "కొండనాల్కకు మందేస్తే ఉన్న నాల్క ఊడగొడితివి గదనే." ఆ తర్వాత ఏళ్ల తరబడి, కూరలో ఉప్పు ఎక్కువైనా సరే, ఆ సామెతే తెచ్చి అమ్మ నెత్తిన వేసేవాడు. ఆమె ఒక్కసారి కూడా నా మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

కంపెనీ గోలీలు మానేశాక పది పదిహేను రోజుల్లో చెల్లె నిటారుగా నడిచింది. ఉత్త సర్కారు గోలీలతోనే మూడేళ్లు గడిచాయి, ఫిట్స్ మళ్లీ రాలేదు. కానీ బడి? నాయిన డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని రెండుసార్లు పోయాడు. పెద్ద టీచరమ్మ దాన్ని చదివి, "మళ్ల పడితే జిమ్మేదారి ఎవరిది?" అంది. ఇంకో బడివాళ్లు టీసీ తిప్పి చూసి సీట్లు లేవన్నారు. మూడోసారి పోదామంటే నాయినకు మగ్గం దిగే తీరిక లేదు. లెక్కలు వచ్చిన పిల్ల ఒళ్లో చేట పెట్టుకుని అమ్మ పక్కన బీడీలు చుట్టింది. నేను డిగ్రీ చేశాను, నౌకరీ తెచ్చుకున్నాను.

ఎనభైలు అయిపోతుండగా ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, ఇక దాచుకోలేక చెల్లెతో చెప్పేశాను. తప్పు అమ్మది కాదు, వేరే వేరే అని చదివి చెప్పింది నేనే అని. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. అది బీడీకి దారం చుట్టడం ఆపలేదు.

"నాకెరికే గదక్కా. నేను పక్కనే ఉంటి. ఆ చిన్న అక్షరాలు నేను అప్పుడే సదివిన. రెండూ ఒక్కటే అనిపిచ్చింది."

"మరి చెప్పకపోతివేందే?"

"నువ్వు కాలేజీ సదువుతాంటివి. వేరేయి అంటివి. నేనే తప్పు సదివిననుకున్న" అంది.